బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఏడుసార్లు కంప్లైంట్ చేశాను, ఏడుసార్లూ "టికెట్ క్లోజ్ అయింది" అనే వచ్చింది. అసలు ఎవరైనా చదువుతారా?

ప్రొద్దుటూరులో మెడికల్ షాపు నడిపే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఆయన గోడు క్లుప్తంగా చెబుతాను. జనం ఎప్పుడూ స్ట్రిప్పు మొత్తం కొనరు, నాలుగు మాత్రలు కత్తిరించి ఇమ్మంటారు. పాత వెర్షన్‌లో నాలుగు అమ్మితే స్టాకులోంచి నాలుగే తగ్గేవి. కొత్త వెర్షన్ వచ్చినప్పటి నుంచి నాలుగు అమ్మితే పదీ పోతున్నాయి. మాత్రలు అరలో ఉంటాయి, కంప్యూటర్లో ఉండవు. ఏడుసార్లు రాశారు. ఏడుసార్లూ "మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని వచ్చింది. వీళ్లు కావాలనే చేస్తున్నారా, లేక చదవడమే లేదా అని ఆయన సందేహం.

సూటిగా చెప్పేస్తాను. చదువుతారు. మీవి ఏడూ చదివారు. కాకపోతే చదివే మనిషికి సరిచేసే అధికారం లేదు, సరిచేసే మనిషికి చదివే పని లేదు. ఈ ఇద్దరి మధ్య ఉన్న వాళ్లందరి పనితీరునూ మీ టికెట్, అంటే నంబరేసి నమోదు చేసుకున్న మీ కంప్లైంట్, ఎంత తొందరగా మూతపడిందన్న దాన్నిబట్టి కొలుస్తారు. మీ మాత్రల లెక్క కుదిరిందా లేదా అన్నది ఎవరి లెక్కలోనూ లేదు. అంతకు మించి కుట్ర ఏమీ లేదండీ. కుట్ర చేయాలంటే మీ గురించి కనీసం పది నిమిషాలు ఆలోచించాలి కదా.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆ చదివే మనిషిని నేనే. బెంగళూరులో పదకొండేళ్లు, మూడు కంపెనీల్లో సపోర్ట్ ఉద్యోగం చేశాను. ఇప్పుడు అనంతపురంలో ఉంటూ చెనక్కాయల మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిస్తున్నాను. అప్పుడు కంప్లైంట్లు మూసేదాన్ని, ఇప్పుడు కంప్లైంట్లు పుట్టించేదాన్ని. రెండు పాపాలూ నా ఖాతాలోనే ఉన్నాయి.

మీ కంప్లైంట్ ఎక్కడెక్కడ తిరిగిందంటే

రాత్రి షట్టర్ సగం దించాక మీరు కూర్చుని, ఏ మందు, ఎన్ని మాత్రలు, ఏ తేదీ, అన్నీ వివరంగా రాసి పంపారు. అది మొదట చేరింది ఒక కుర్రాడి దగ్గరికి. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలై ఉంటుంది. మాత్రలు కత్తిరించి అమ్ముతారని అతనికి బాగా తెలుసు, వాళ్ల నాన్నకు బీపీ మాత్రలు అలాగే తెచ్చి ఉంటాడు. కానీ అతని ముందున్న స్క్రీన్ మీద కత్తిరించిన మాత్రలకు గడి లేదు. ఉన్న గడులు నాలుగు: ఇన్‌స్టాలేషన్, పాస్‌వర్డ్, ప్రింటర్, ఇతరములు. "ఇతరములు" నొక్కితే ఎందుకు నొక్కావని పైవాడు అడుగుతాడు. అందుకని "ప్రింటర్" నొక్కాడు. ఆ క్షణం నుంచి మీ సమస్య ప్రింటర్ సమస్య.

ప్రింటర్ సమస్యకు వండి పెట్టిన జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది, ఒక్క బటన్ నొక్కితే వెళ్లిపోతుంది: ప్రింటర్ ఆఫ్ చేసి, ముప్పై సెకన్లు ఆగి, ఆన్ చేయండి. మీకు ఒళ్లు మండి "నాది ప్రింటర్ గొడవ కాదయ్యా" అని తిరిగి రాశారు. అప్పటికే పాత టికెట్ మూతపడింది కాబట్టి ఇది కొత్త టికెట్. అంటే ఆ నెల లెక్కల్లో మీ సమస్య ఒకటి తీరింది, ఇంకొకటి కొత్తగా వచ్చింది. ఏడుసార్లు రాశారంటే ఏడు సమస్యలు తీరాయన్నమాట. మీ పుణ్యాన ఆ కుర్రాడికి ఆ నెల మెచ్చుకోలు మెయిల్ వచ్చినా నేను ఆశ్చర్యపోను. నాకొకసారి వచ్చింది. ఒక ఆసుపత్రి క్యాషియర్ ఒకే విషయం మీద పంతొమ్మిది సార్లు రాశాడు, నేను పంతొమ్మిది సార్లు మూశాను. ఆ త్రైమాసికానికి మా టీమ్‌లో నేనే ఫస్టు. బహుమతిగా ఒక కాఫీ కప్పు ఇచ్చారు. దాని మీద "కస్టమరే దేవుడు" అని ఉంది. ఇప్పటికీ అందులో పెన్నులు పెట్టుకుంటున్నాను.

సరే, మీరు వదల్లేదు. మూడో టికెట్‌లో గట్టిగా రాశారు. అది రెండో మెట్టుకు వెళ్లింది. అక్కడివాళ్లకు విషయం అర్థమైంది. పరీక్షించి కూడా చూశారు. వాళ్ల పరీక్ష డేటాబేస్‌లో ఉన్నది ఒకే ఒక్క మందు, దాని పేరు "టెస్ట్ ఐటమ్ 1", ప్యాకింగ్ ఒకటి. ఒకటి అమ్మారు, ఒకటి తగ్గింది. "మా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని రాసి మూశారు. అందులో అబద్ధమేమీ లేదు చూడండి.

ఆ మాట వాళ్లు కనిపెట్టింది కూడా కాదు. 1998లో మొజిల్లా అనే బ్రౌజర్ ప్రాజెక్టు కోసం పుట్టిన బగ్‌జిల్లా అనే కంప్లైంట్ల చిట్టాలో "వర్క్స్ ఫర్ మీ" (నా దగ్గర పనిచేస్తోంది) అని అధికారికంగా ఒక ముద్రే ఉంది. "వోంట్ ఫిక్స్" అని ఇంకో ముద్ర ఉంది. తప్పు మాదే కావచ్చు, అయినా చేయం అని దానర్థం. నాకు ఈ రెండోదంటేనే గౌరవం. "రేపు రాపో" అని ఆరు నెలలు తిప్పుకోకుండా మొహం మీదే చెప్పాడు కదా.

మూడో మెట్టు మీటింగ్. సోమవారం పదకొండు గంటలకు. నేను కూర్చున్న మీటింగుల్లో ఏ వారమూ మూడు వందలకు తక్కువ కంప్లైంట్లు ఉండేవి కావు. వాటిని చదవరు, కాటా వేస్తారు. ఎంతమంది కస్టమర్లు, ఎంత పెద్దవాళ్లు, పోతే ఎంత డబ్బు పోతుంది. నగరంలో తొంభై షాపులున్న పెద్ద కస్టమర్ "బిల్లు మీద మా లోగో నీలం కాస్త ముదురుగా వస్తోంది" అంటే అది పైకి తేలుతుంది. ఒంటి షాపు స్టాకు తప్పుగా చూపించడం అడుక్కి దిగుతుంది. ఎవరో ఒక ప్రోగ్రామర్ పాపం తలెత్తి "ఇది రెండు లైన్ల మార్పే సార్" అంటాడు. "రెండు లైన్లే కదా, ఎప్పుడైనా చేసుకోవచ్చులే" అంటాడు మేనేజరు. పెద్ద పనైతే ఇప్పుడు కుదరదని వాయిదా, చిన్న పనైతే ఎప్పుడైనా కుదురుతుందని వాయిదా. నడిమి సైజు పని ఒక్కటి కూడా నా సర్వీసులో తగల్లేదు.

ఇక అడుగున పేరుకుపోయినవాటిని ఊడ్చడానికి ఒక మర. ప్రోగ్రామర్లు తమ కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో చాలా ప్రాజెక్టులు "స్టేల్ బాట్" అని ఒకటి పెట్టుకుంటాయి. అరవై రోజులు ఆ కంప్లైంట్ కింద ఎవరూ మాట్లాడకపోతే "ఇది పాతబడింది" అని చీటీ అంటిస్తుంది. ఇంకో వారం చూసి మూసేస్తుంది. మా వైపు బోరు ఎండిపోయిందని అరిచి అరిచి ఊరు అలిసిపోతే, ఆహా నీళ్లు పడ్డాయన్నమాట అని రాసుకున్నట్టు.

ఆ జవాబులకు అర్థాలు

ఇన్నేళ్లు అవే రాసినదాన్ని కాబట్టి అర్థం చెప్పే హక్కు నాకుంది. "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అంటే ఇంకా ఎవరూ తెరవలేదని. "మా టెక్నికల్ టీమ్ పరిశీలిస్తోంది" అని నేను కొన్ని వందలసార్లు రాసి ఉంటాను, అందులో ఓ పదిసార్లు టీమ్ నిజంగానే ఉంది. "క్యాష్ క్లియర్ చేసి చూడండి", అంటే కంప్యూటర్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు చెరిపేయండి అనేది, దిష్టి తీయడం. పిల్లవాడు ఎందుకు ఏడుస్తున్నాడో తెలియనప్పుడు ముందు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తాం కదా, అదే ఇది. హాని లేదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. అందుకే ఆ ఆచారం పోలేదు.

"ఇది లోపం కాదు, డిజైనే అంత" అన్నది మాత్రం పెద్దవాళ్ల జవాబు. 2010లో ఐఫోన్ 4ను కింద ఎడమ మూల దగ్గర పట్టుకుంటే సిగ్నల్ పడిపోతోందని జనం మొత్తుకుంటే, యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఒకరికి ఇచ్చిన జవాబు సారాంశం: అలా పట్టుకోవడం మానేయండి. ఫోను మార్చడం కన్నా మనిషి చెయ్యి మార్చడం చౌక. గొడవ బాగా ముదిరాక ఆ జులైలో ప్రెస్ మీట్ పెట్టి, కొన్నవాళ్లకు ఉచితంగా తొడుగులు ఇచ్చారు. అంటే జవాబు మారడానికి జనం బాధ సరిపోలేదు, పరువు పోయే పరిస్థితి రావాల్సి వచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద మీ పనికి వస్తుంది.

ఏడు టికెట్లకే మీరు నీరసపడ్డారు గానీ, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద 11472 నంబరు కంప్లైంట్ ఒకటుంది. 2005 జూన్‌లో నమోదైంది. ఒక టేబుల్లో వరుస తీసేస్తే దాన్ని అంటిపెట్టుకున్న ఇంకో టేబుల్లోని వరుసలు కూడా పోతాయి, కానీ అవి పోయినప్పుడు దానంతటదే నడవాల్సిన చిన్న ప్రోగ్రామ్ (ట్రిగ్గర్) నడిచేది కాదు. మొదట్లో జనం కోప్పడ్డారు. తర్వాత బతిమాలారు. తర్వాత ఏటా దాని కిందికి వచ్చి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి వెళ్లడం మొదలుపెట్టారు. పదో ఏడు, పదిహేనో ఏడు. కంప్లైంట్‌కు ఓటు హక్కు వచ్చే వయసు దాకా ఆ ఆనవాయితీ నడిచింది.

ఎక్సెల్ సంగతి ఇంకా ముచ్చట. 1900 లీపు సంవత్సరం కాదు. ఎక్సెల్‌లో మాత్రం అవుతుంది. 1900 ఫిబ్రవరి 29 అని కొట్టి చూడండి, తలాడిస్తుంది. అంతకుముందు రాజ్యమేలిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రామ్‌లో ఆ తప్పు ఉండేది. దాని ఫైళ్లతో లెక్క కలవాలని ఎక్సెల్ తెలిసే ఆ తప్పును తెచ్చుకుంది. లోటస్ పోయింది, తప్పు మిగిలింది. ఇంకో తేదీల గొడవ జన్యుశాస్త్రం వాళ్లది. మార్చ్1, సెప్ట్1 అని కొన్ని జన్యువుల పేర్లు. అవి కొట్టగానే ఎక్సెల్ మార్చి నెల ఒకటి, సెప్టెంబరు ఒకటి అని తేదీలు చేసేసేది. పరిశోధకులు ఏళ్లపాటు మొత్తుకున్నారు. చివరికి జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చింది. మనిషి ఒంట్లో ఉన్నవాటికి కొత్త పేరు పెట్టడమే తేలికనిపించింది వాళ్లకు. ఆ తేదీల పిచ్చిని ఆపుకునే వీలు ఎక్సెల్‌లో 2023లో వచ్చింది. పేరు మార్చుకుంటే కలిసొస్తుందని న్యూమరాలజీవాళ్లు చెబితే ఇన్నాళ్లూ నవ్వేదాన్ని.

మరి వెంటనే సరిచేసింది ఎప్పుడూ లేదా?

ఉంది. అదీ మన తెలుగు వల్లే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం, లోపల కంటికి కనిపించని ఒక విడగొట్టే గుర్తుతో కలిసి, ఐఫోన్లను పడగొట్టింది. ఐఓఎస్ (ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) 11.2.5 వెర్షన్ ఉన్న ఫోనుకు ఆ అక్షరంతో మెసేజ్ వస్తే ఆ యాప్ కూలిపోయేది. కొందరికి ఫోనే మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. వార్తలు గుప్పుమన్న వారం లోపే, ఫిబ్రవరి 19న, తప్పు దిద్దిన 11.2.6 వచ్చేసింది.

తెలుగువాళ్లు బాధపడుతున్నారని అంత వేగం రాలేదు. తెలుగు రానివాళ్లు బాధపడ్డారు కాబట్టి వచ్చింది. ఎక్కడో ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడి ఫోనుకు ఆట పట్టించడానికి జ్ఞానం పంపితే చాలు, ఫోను ఢమాల్. మనకు మాత్రం ఒత్తులు విడివడి పక్కన నిలబడటం, గుణింతాలు చుక్కల వలయాల మీద కూర్చోవడం ఏళ్లపాటు చూశాం. నేను పనిచేసిన ఒక కంపెనీ బిల్లుల్లో "కర్నూలు"లో "ర్" బదులు డబ్బా గుర్తు పడేది. ఆరేళ్లు పడింది. "క + డబ్బా + నూలు". కర్నూలు కస్టమర్లు అలవాటుపడిపోయారు, తాడిపత్రి వాళ్లు మాకూ డబ్బా కావాలని అడగలేదు, అంతే తేడా.

పిచ్చి కంప్లైంట్ అని ఏదీ లేదు

ఇది సపోర్ట్‌లో ఉన్న పిల్లలు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం. 2008, 2009 ప్రాంతంలో విండోస్ బదులు ఉబుంటు వాడే ఒకాయన "మంగళవారం ఓపెన్ ఆఫీస్ (ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే ప్రోగ్రామ్) నుంచి ప్రింట్ రావడం లేదు" అని నివేదించాడు. మొదట పట్టింది ఆయన భార్య. మంగళవారం ప్రింటర్ పనిచేయదని ఆమె అంటే ఈయన కూడా నవ్వాడట. మా ఇంట్లో అయితే ఎవరూ నవ్వేవారు కాదు, మంగళవారం కొత్త పని ఎందుకు పెట్టుకున్నావని మా అమ్మ ప్రింటర్‌నే మెచ్చుకునేది. తవ్వితే ఏం తేలిందంటే, ప్రింటుకు పంపే ఫైల్ తలలో తేదీ ఉంటుంది. మంగళవారానికి ఇంగ్లీషులో వచ్చే మూడక్షరాలు, టీ యూ ఈ, అక్కడ పడగానే, ఫైల్ ఏ రకమో కనిపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి అది ఎర్లాంగ్ అనే భాష తాలూకు ఫైల్ అని పొరబడేది. కాగితం బయటికి వచ్చేది కాదు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు నా సొంత పాపం. అనంతపురం పక్కన ఒక చెనక్కాయల మిల్లు. నా సాఫ్ట్‌వేర్ పెట్టిన మొదటి సీజన్‌లోనే యజమాని ఫోన్ చేశాడు. "ఏమ్మా, రాత్రి పన్నెండు దాటితే నీ కంప్యూటర్‌కు దయ్యం పడతాందమ్మా. లెక్కలు యాడికో పోతాండాయి" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "మీ ఒక్కరికే వస్తోందండీ, మిగతా మిల్లుల్లో బాగుంది." పదకొండేళ్ల అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. తర్వాత ఇంకా తెలివిగా, "పన్నెండు లోపలే తూకాలు పూర్తి చేయించండి" అని సలహా కూడా ఇచ్చాను. "లారీ వచ్చేదే పదకొండున్నరకమ్మా. డ్రైవర్ నంబర్ ఇస్తా, నువ్వే చెప్పు" అన్నాడు. స్టీవ్ జాబ్స్‌కు ఈ జవాబు ఎవరూ చెప్పలేదు.

రెండు సీజన్లు అలాగే జరిపాను. మూడో ఏడు నవంబర్లో బాకీ వసూలుకు వెళ్లి, ఆయన ఇవ్వనంటే పంతానికి రాత్రంతా మిల్లులోనే కూర్చున్నాను. అప్పుడు కళ్లారా చూశాను. లోడు లారీ 11:40కి కాటా ఎక్కింది. మూటలు దించి ఖాళీ లారీ మళ్లీ కాటా ఎక్కేసరికి 12:25. నా ప్రోగ్రామ్ లోడు తూకానికి జతగా ఖాళీ తూకాన్ని అదే తేదీలో వెతుకుతుంది. తేదీ మారిపోయింది, జత దొరకలేదు. దాంతో ఖాళీ లారీని కొత్త లోడు అనుకుని దాని బరువంతా సరుకు కింద ఎక్కించింది. రెండేళ్లుగా ఆయన పుస్తకాల్లో అప్పుడప్పుడు లారీని కూడా చెనక్కాయల కింద కొంటున్నాడు. సరిచేయడానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు. మిగతా మిల్లుల్లో ఎందుకు రాలేదంటే, వాళ్లకూ వచ్చింది. వాళ్లు నాకు చెప్పడం మానేసి పొద్దున్నే పెన్నుతో దిద్దుకుంటున్నారు.

"మీ ఒక్కరికే" అన్న మాట ఎంతదూరం పోతుందో తెలియాలంటే బ్రిటన్ పోస్టాఫీసుల కథ చూడాలి. అక్కడ ఫుజిట్సు తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ 1999 నుంచి వాడుకలోకి వచ్చింది. చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్ల ఖాతాల్లో లేని లోటు చూపించింది. ఫోన్ చేసిన చాలామందికి ఇలా మీకొక్కరికే అవుతోందనే చెప్పారు. కంప్యూటర్ తప్పు చేయదు కాబట్టి డబ్బు తిన్నది మీరేనని తొమ్మిది వందల మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేసే చట్టం 2024లో గానీ రాలేదు. అది చదివిన రోజు నేను మిల్లు యజమానికి ఫోన్ చేసి మాట్లాడాను. ఏమీ చెప్పలేదు, ఊరికే, ఈసారి పంట ఎలా ఉందని అడిగాను.

అందరూ ఇలాగే ఉంటారని అనను. డొనాల్డ్ నూత్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తన పుస్తకాల్లో తప్పు చూపించినవాళ్లకు 2.56 డాలర్ల చెక్కు పంపేవారు. కంప్యూటర్‌వాళ్లు వాడే పదహార్ల లెక్కలో 256ను 100 అని రాస్తారు, కాబట్టి 256 సెంట్లు అంటే ఒక డాలరు అని ఆయన సరదా. పుస్తకాలు అచ్చుకు సిద్ధం చేసే టెక్స్ అనే తన సాఫ్ట్‌వేర్‌లో తప్పు పట్టినవారికి ఆ బహుమతి 327.68 డాలర్ల దాకా పెరిగింది. చాలామంది ఆ చెక్కులు బ్యాంకులో వేసుకోకుండా ఫ్రేము కట్టించుకున్నారు. మన దగ్గర తప్పు చూపిస్తే ఎదురు నక్షత్రాలు అడుగుతారు.

ఇక మీ పని

ముందు ఒక అనుమానం తీర్చుకోండి. అప్‌డేట్ తర్వాత మందుల మాస్టర్‌లో (సాఫ్ట్‌వేర్లో మందుల వివరాలుండే పట్టిక) అమ్మకం యూనిట్ "మాత్ర" నుంచి "స్ట్రిప్పు"కు మారిపోయిందేమో చూడండి. ఇలాంటివి నేను చూసినవాటిలో సగం అక్కడే తేలాయి. మారిపోయి ఉంటే మీరే దిద్దుకోవచ్చు. అయినా అప్‌డేట్ మార్చిందంటే తప్పు వాళ్లదే.

అది సరిగానే ఉంటే ఎనిమిదో టికెట్ పెట్టండి, ఇంత మాత్రమే రాయండి: "పది మాత్రల స్ట్రిప్పు. స్టాకు 100 మాత్రలు. 4 అమ్మాను. మిగలాల్సింది 96. చూపిస్తున్నది 90." వెర్షన్ నంబరు, ఫోన్లో తీసిన అర నిమిషం వీడియో. మీ కోపం, మీ ఇరవై ఏళ్ల అనుభవం, షాపులో రద్దీ, ఇవేవీ వద్దు. అవి ఉంటే జవాబులో సానుభూతి వస్తుంది, దిద్దుబాటు రాదు. అంకెలుంటే "టెస్ట్ ఐటమ్ 1"తో తప్పించుకోవడం కష్టం.

ఒక వాక్యం అదనంగా చేర్చండి: షెడ్యూల్ హెచ్1 మందుల (అమ్మకం విడిగా రాసిపెట్టాల్సినవి) రిజిస్టరుకూ కంప్యూటర్ స్టాకుకూ పొంతన కుదరడం లేదని. ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలని మీకు నేను చెప్పక్కర్లేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వస్తే ఇబ్బంది మీకే గానీ, ఆ మాట చూస్తే ఆ కుర్రాడు తన స్క్రీన్ మీద "ప్రింటర్" నొక్కడానికి భయపడతాడు. ఇన్‌స్పెక్టర్‌కు కూడా గడి లేదు, కాబట్టి పైకి పంపుతాడు. మీకు కావాల్సింది అదే.

అసలు మందు మాత్రం రెన్యువల్. సపోర్ట్ నంబరు నలభై నిమిషాలు పాట వినిపిస్తుంది, సేల్స్ నంబరు మొదటి రింగుకే ఎత్తుతారు. ఏడాది రుసుము కట్టాల్సిన తేదీకి నెల ముందు, మీకు అమ్మిన డీలరుకు ఫోన్ చేసి, మర్యాదగా, "స్టాకు తేలేదాకా రెన్యువల్ చేయను అన్నా, వేరేవాళ్లు డెమో చూపిస్తామంటున్నారు" అనండి. డీలరుకు కమీషన్ పోతుంది. సోమవారం మీటింగులో కాటా మీద మీ బరువు అప్పుడు పెరుగుతుంది. మీ ఊళ్లో అదే సాఫ్ట్‌వేర్ వాడే షాపులు ఇంకో పది ఉంటే అందరూ ఒకే వారం, ఒకే మాటలతో చెప్పండి. "మీ ఒక్కరికే" అన్న జవాబు అక్కడితో చస్తుంది. ఈలోగా మీ డేటా మొత్తం ఎక్సెల్‌లోకి దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, బెదిరింపు నిజమయ్యేలా ఉంటేనే పనిచేస్తుంది.

అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వ్యాపారం కోసం కొన్నది కాబట్టి మీరు వినియోగదారు కారని వాళ్లు వాదించవచ్చు. 2019 చట్టంలో, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం మాత్రమే కొని తానే వాడుకునేవారికి మినహాయింపు ఉంది, ఒంటి షాపుకు అది వర్తిస్తుందని అడగొచ్చు. పెద్ద కేసైతే లాయరును కలవండి, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని.

ప్రశ్న కింద ఇంకొకరు యూపీఐ డబ్బు ఇరుక్కుపోయిందని రాశారు కాబట్టి వారికి రెండు ముక్కలు. అక్కడ పరిస్థితి నయం. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ ఖాతాలో తగ్గి అవతలి మనిషికి చేరకపోతే మరుసటి రోజుకల్లా, షాపుకు కట్టినదైతే అయిదు రోజుల్లో తిరిగి పడాలి. దాటితే రోజుకు 100 రూపాయలు వాళ్లే ఇవ్వాలి. బ్యాంకుకు రాసి 30 రోజులైనా పరిష్కారం లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో పెట్టుకోవచ్చు. రోజుకు వంద అనగానే వాళ్ల కంప్యూటర్లకు చెవులు మొలుస్తాయి, చూస్తూ ఉండండి.

ప్రొద్దుటూరు అన్నగారూ, మీ రెన్యువల్ ఏ నెలలో ఉందో, వెర్షన్ నంబరు ఎంతో రాయండి. డీలరుకు ఏం చెప్పాలో నేనే రాసిస్తాను. స్క్రీన్‌షాట్ పెట్టేటట్టయితే బిల్లు మీద రోగుల పేర్లు, డాక్టరు పేరు కనబడకుండా చెరిపి పెట్టండి.